నూనె తేలిన పులుసు

చేపల శాఖలో ఉద్యోగమంటే పడవెక్కి సముద్రం మీదికి పోవడమేనని కొత్తగా చేరిన మీరు అనుకుంటూ ఉంటారు. నేనూ అలాగే అనుకుని చేరాను. నా సర్వీసు మొత్తం మీద నేను సముద్రం మీద ఉన్నది ఒక్క పూట. ఆ పూట కూడా పడవ అంచు పట్టుకుని వాంతులు చేసుకోవడంతోనే సరిపోయింది. మిగిలిన ఉద్యోగమంతా విజయవాడలో మూకుళ్ళు, గరిటెలు, నిమ్మకాయలు, ఐసు పెట్టెల మధ్య గడిచింది.

నా హోదా పేరు కాగితం మీద రెండు వరసలు పట్టేది. విప్పి చెబితే చాలా చిన్న పని. బాగా లోతు సముద్రంలో దొరికే చేపల్ని మన జనం చేత తినిపించాలి. జనానికి ఆ అవసరం ఏమీ లేదు. పక్కనే కృష్ణ ఉంది, కాస్త అవతల కొల్లేరు ఉంది, చెరువుల నిండా బొచ్చెలూ శీలావతులూ ఉన్నాయి. కానీ తొంభైల్లో లోతు సముద్రానికి పెద్ద ఓడలు వెళ్ళడం మొదలయ్యాక, వాటికి కావలసిన ట్యూనాతో పాటు అక్కర్లేని చేపలు కూడా గాలాలకి పడేవి. వాటిని నీళ్ళలో పారెయ్యకుండా ఊళ్ళలో అమ్మించమని పైనుంచి ఆదేశం వచ్చింది. ఆదేశం మీద సంతకం పెట్టినాయన శాకాహారి అని తర్వాత తెలిసింది.

ప్రమోషన్ల సంగతి రాయను. అవి ఎవరికి ఎలా వస్తాయో మీకు త్వరలోనే అర్థమవుతుంది. ఒక చేప గురించీ, దాన్ని తినకుండా మెచ్చుకున్న ఒక ఆఫీసరు గారి గురించీ, దానివల్ల బతుకు బజారున పడబోయిన ఒక మనిషి గురించీ చెబుతాను. నా ఉద్యోగం అసలు ఏమిటో నాకు తెలిసింది ఆ నెలన్నరలోనే.

తల ఏదీ?

విజయవాడ ఆడవాళ్ళు చేపని కొనరు, విచారణ చేస్తారు. మొప్ప ఎత్తి రంగు చూస్తారు. కన్ను చూస్తారు. పొట్ట మీద వేలు పెట్టి నొక్కుతారు. అంతా బాగుందని లోపల నిశ్చయించుకున్నాక, "ఇదేం చేపమ్మా, నిన్నటిదిలా ఉంది" అని బేరం మొదలుపెడతారు.

ఓడ మీద నుంచి వచ్చే చేపకి తల ఉండదు. అక్కడే కోసి, శుభ్రం చేసి, గడ్డ కట్టించి పంపిస్తారు. మొప్ప లేదు, కన్ను లేదు, పొట్ట రాయిలా ఉంటుంది. గవర్నర్‌పేటలో ఒకావిడ నన్ను నిలదీశారు.

"తల ఏదండీ?"

"ఓడలోనే తీసేశారండి."

"ఎందుకు తీశారు? ఏం కనపడుతుందని?"

నేను కళ్ళజోడు సర్దుకుని, పోషక విలువల గురించి మొదలుపెట్టాను. ఆవిడ మర్యాదగా పూర్తిగా విని, పక్క తట్టలోంచి బతికున్న కొర్రమీను కొనుక్కుని వెళ్ళిపోయారు. మీరు కూడా పోషక విలువల గురించి చెబుతారు. చెప్పండి, తప్పులేదు, కానీ అది విని చేప కొన్నవాళ్ళని నేనింతవరకు చూడలేదు.

శేషగిరిరావు గారు

అప్పట్లో మా పై అధికారి శేషగిరిరావు గారు. ఉయ్యూరు దగ్గర చెరుకు రైతుల కుటుంబం. మనిషి తెలివైనవారే, చెయ్యి శుభ్రం, లంచం ముట్టరు. ఒక్కటే లోపం. మైకు కనిపిస్తే ఆగలేరు. మైకు లేకపోతే గరిటె పట్టుకుని కూడా మాట్లాడగలరు.

ఒక నవంబరులో విశాఖపట్నం నుంచి కొత్త రకం చేప వచ్చింది. మూరన్నర పొడుగు, దాదాపు నలుపు రంగు. ఈసారి ఒక్కదానికి తల ఉంచి పంపారు, నా పోరు పడలేక. పెద్ద పెద్ద కళ్ళు, కొరికేలా ఉన్న పళ్ళు. కోస్తే లోపల మాంసం మంచులా తెల్లగా, ముల్లు తక్కువగా ఉంది. పుస్తకాలు తిరగేస్తే అది మన కానాగంతలకి, సావిడాయిలకి దూరపు చుట్టమనీ, చాలా చిన్న కుటుంబమనీ, పగలు చీకటి లోతుల్లో ఉండి రాత్రిళ్ళు మేతకి పైకి వస్తుందనీ తెలిసింది. మన పడవల వాళ్ళ వలలు అంత లోతుకి పోవు కాబట్టి దానికి తెలుగులో పేరు లేదు. నా దగ్గరున్న పాత పుస్తకంలో 'కొవ్వు ఎక్కువ, రుచికరం' అని మాత్రమే ఉంది.

"పేరు లేకపోతే మనమే పెడదాం గ్రేస్ గారూ," అన్నారు శేషగిరిరావు గారు. "నల్లగా ఉంది, ముల్లు లేదు. సాగర కొర్రమీను. ఎట్లా ఉంది?"

పేరు బాగానే ఉంది. కొర్రమీను అంటే మనవాళ్ళు ప్రాణం పెడతారు. ఆ సాయంత్రమే ఆఫీసు వెనక వంటగదిలో ముక్కలు వేయించి చూశాం. మూకుట్లో వేసిన నూనె కంటే ముక్కల్లోంచి వచ్చిన నూనె ఎక్కువ. మన దగ్గర చేపల పులుసు కుదిరిందో లేదో ఎలా చెబుతారు? పైన నూనె తేలిందా అని చూస్తారు. ఈ చేపతో పులుసు పెడితే ఒక చుక్క పోయకుండానే వేలెడు మందాన నూనె తేలింది. శేషగిరిరావు గారు గిన్నెలోకి తొంగిచూసి, కళ్ళు మూసుకుని, "వెన్న. వెన్నండీ ఇది" అన్నారు.

ఆయన తినలేదు. అయ్యప్ప మాలలో ఉన్నారు. నల్ల బట్టలు, మెడలో మాల, కాళ్ళకి చెప్పులు లేవు, ఆఫీసులో అందరం 'స్వామీ' అని పిలుస్తున్నాం. మండల దీక్ష అయ్యేదాకా చేప వాసన వచ్చే గిన్నె కూడా ముట్టరు. అయినా వెన్న అని ఎలా తెలిసిందో నాకు తెలియదు. మిగిలిన స్టాఫు కార్తీక మాసమని తినలేదు. నేను క్రైస్తవురాల్ని, నాకు కార్తీకం పట్టింపు లేదు కనుక, వేయించిన ముక్క ఒకటి, అదీ చిన్నది, రుచి చూశాను. నిజంగానే బాగుంది. ఆ ఒక్క ముక్క నన్నేమీ చెయ్యలేదు. ఒక సంస్థ మొత్తం, ఒక క్రైస్తవురాలి నాలుక మీద ఒకే ఒక్క చిన్న ముక్కని నమ్ముకుని, విజయవాడకి కొత్త చేపని పరిచయం చేసింది.

కుళాయి ఉన్న అరుగు

ఆ చేపని అమ్మే బాధ్యత నాంచారమ్మది. ఆమెది బందరు అవతల సముద్రపు ఒడ్డున పల్లె. పెళ్ళయినప్పటి నుంచి నెత్తిన తట్ట పెట్టుకుని, తెల్లారగట్ట బస్సెక్కి విజయవాడ వచ్చి, వీధులు తిరిగి అమ్మేది. కండక్టర్లు నీచు వాసనని దారిలో దింపేసేవారు. కొనేవాళ్ళు గుమ్మం బయటే నిలబెట్టేవారు. మా సంస్థ మార్కెట్లో ఒక సిమెంటు అరుగు కట్టించి, నేను పట్టుబట్టి ఆమెకి ఇప్పించాను. అరుగు పక్కన కుళాయి కూడా ఉంది.

అరుగు చూసిన రోజున ఆమె చేపల గురించి ఒక్క ముక్క అడగలేదు. కుళాయి తిప్పింది, కట్టింది, మళ్ళీ తిప్పింది.

"ఇది నాదేనా అమ్మా?"

"నీదే."

"మళ్ళీ ఎవరన్నా వచ్చి కట్టెయ్యరు గదా?"

"ఎందుకు కట్టేస్తారు?"

"ఏమోనమ్మా, నీళ్ళు ఊరికే వస్తంటే బయమేస్తంది," అంది.

ఆ అరుగు మీద ఏడాది తిరిగేసరికి ఆమెకి పేరు వచ్చింది. నాంచారమ్మ దగ్గర మొప్ప ఎత్తి చూడక్కర్లేదు అనేవారు. విజయవాడలో చేపలమ్మే మనిషికి అంతకంటే పెద్ద బిరుదు లేదు.

కార్తీకం వెళ్ళిన ఆదివారం

కార్తీక మాసంలో మా మార్కెట్లో ఈగలకి కూడా ఉపవాసమే. నెల వెళ్ళాక వచ్చే మొదటి ఆదివారం చూడాలి. నెల పాటు పప్పూ పచ్చడీ తిన్న ఊరు ఊరంతా సంచులు పట్టుకుని మీద పడుతుంది. ఆ ఆదివారమే సాగర కొర్రమీనుకి ముహూర్తం పెట్టారు శేషగిరిరావు గారు. నల్ల బట్టల్లో, అరుగుకి నాలుగు గజాల దూరంలో నిలబడి మైకులో దాని రుచిని వర్ణించారు. స్వామి అబద్ధం చెప్పరని జనం నమ్మారు. పన్నెండు కాకుండానే పెట్టెలన్నీ ఖాళీ. నాంచారమ్మ తన ఇంటికి నాలుగు ముక్కలు దాచుకుంది. నేను కిలో తెచ్చి పులుసు పెట్టాను. ఈసారి కడుపునిండా తిన్నాను.

చేపల పులుసు రెండో రోజే బాగుంటుందని మీకు తెలుసు. ఆదివారం వండింది సోమవారం పొద్దున చద్దన్నంలో కలుపుకుంటే ఇంకో లోకం. నేనూ కలుపుకున్నాను, ఊరంతా కలుపుకుంది. అంటే నెల రోజుల ఆకలి మీద, ఒకే చేపని, రెండు పూటలా.

పేరు లేని ఇబ్బంది

సోమవారం మధ్యాహ్నం ఆఫీసుకి మొదటి ఫోను వచ్చింది.

"మేడమ్, నమస్కారమండి. చేప చాలా బాగుందండి."

"సంతోషమండి."

"పొద్దున చద్దన్నంలో కూడా తిన్నామండి."

"సంతోషమండి."

"అంతేనండి." ఫోను పెట్టెయ్యలేదు. "కొంచెం ఇబ్బందిగా ఉందండి."

"ఏం ఇబ్బందండీ?"

"అదేనండి. ఉంటానండి."

సాయంత్రానికి అలాంటివి చాలా వచ్చాయి. ఒక్కరూ ఇబ్బందికి పేరు పెట్టలేదు. కృష్ణా జిల్లా మర్యాద అలాంటిది. మనిషి మునిగిపోతున్నా "కాస్త నీళ్ళు ఎక్కువయ్యాయండీ" అంటాడు. మొదటి ఫోను తర్వాత నేనూ ఎవర్నీ ఏం ఇబ్బందని అడగలేదు, ఎందుకంటే అప్పటికే నాకూ ఆ ఇబ్బంది మొదలైంది. ఫోన్లన్నీ కుర్చీ వెనక నిలబడి మాట్లాడుతున్నాను.

మీరు ఈ వృత్తిలోకి వస్తున్నారు కాబట్టి సిగ్గుపడకుండా చెబుతాను. ఆ చేప తిన్నాక కడుపు నొప్పి రాదు. జ్వరం రాదు, వాంతి రాదు. మనిషి హాయిగా కూర్చుని ఉంటాడు. మనల్ని అడక్కుండా, మనకి తెలియకుండా, నారింజ రంగు నూనె తన దారి తాను చూసుకుని బయటికి వచ్చేస్తుంది. లేచి చూసుకుంటే తెలుస్తుంది. మొదట తెలిసేది మన వెనక నడిచేవాళ్ళకి.

మా వీధి చివర ఇస్త్రీ బండి ఆయన బుధవారం నన్ను ఆపి, "మేడమ్, ఈ వారం అందరి ప్యాంట్లకీ ఒకే చోట మరకేంటండి?" అని అడిగాడు. నేను పనుందని వచ్చేశాను.

నవ్వుకునే వ్యవహారం అక్కడితో అయిపోయింది. గురువారానికి మార్కెట్లో మాట పుట్టింది. నాంచారమ్మ కుళ్ళిన చేప అమ్మిందట. జనానికి అంతకంటే ఏం తోస్తుంది? తిన్నారు, తేడా చేసింది, అమ్మిన మనిషి కళ్ళెదుట ఉంది. శేషగిరిరావు గారికి ఆ మాట ఆసరాగా దొరికింది. చేప మంచిదైతే ఆయన పెట్టిన పేరు నిలబడుతుంది. చేప మంచిది కావాలంటే నాంచారమ్మ చెడ్డది కావాలి.

ఆమెని ఆఫీసుకి పిలిపించారు.

"నువ్వు తిన్నావా?"

"తిన్నా సామీ. నాలుగు ముక్కలు."

"నీకేమైంది?"

"నాకేం కాలా."

"చూశారా గ్రేస్ గారూ," అని నా వైపు తిరిగారు. "మంచి ముక్కలు తను దాచుకుంది. చెడిపోయినవి జనానికి అమ్మింది."

ఆమె ముఖం నేను మర్చిపోలేను. ఏమీ కాకపోవడం కూడా నేరమవుతుందని ఆమెకి అప్పటిదాకా తెలియదు. ఆ సాయంత్రం మా గుమాస్తా వెళ్ళి అరుగు మూయించాడు. కుళాయి పిడి ఊడదీసి తెచ్చి ఆఫీసు బల్ల మీద పెట్టాడు. క్రిస్మస్‌కి ఊళ్ళో చేపలకి ఎంత గిరాకీయో క్రైస్తవుల ఇంట్లో పుట్టిన నాకు తెలుసు. ఆ క్రిస్మస్‌కి నాంచారమ్మ మళ్ళీ తట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగింది. ఎవరూ కొనలేదు. మా ఇంటికి వచ్చి గుమ్మం బయటే నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"నేను కుళ్ళింది అమ్మానని మీరూ అనుకుంటన్నారా అమ్మా?"

"లేదు."

"అయితే ఆ మాట సారు చేత చెప్పించండి. మీరు చెప్తే జనం నమ్మరు. అన్నది ఆయన గదా."

విశాఖ ఫోను

నా ఉద్యోగంలో సగం చేప చెడిపోయిందో లేదో తేల్చడమే. చెడిపోయిన చేప తింటే ముఖం ఎర్రబారుతుంది, దురద వస్తుంది, తల పగిలిపోతుంది, కడుపు మెలిపెడుతుంది. ఊళ్ళో ఎవరికీ అవి లేవు. నాకూ లేవు. మరి ఏమిటిది? నాతో పాటు శిక్షణ పొందిన స్నేహితుడొకడు విశాఖలో సర్వే ఓడ మీద పనిచేసేవాడు. ఎస్‌టీడీ బూత్‌కి వెళ్ళి ఫోను చేసి, చేప రంగు, కళ్ళు, పళ్ళు వర్ణించాను.

అవతల నుంచి నవ్వు. చాలాసేపు నవ్వాడు. నా డబ్బుల్తో నవ్వుతున్నావని గుర్తు చేశాను.

"ఎన్ని ముక్కలు తిన్నావు?" అన్నాడు.

"అది నీకు అనవసరం."

"గ్రేస్, దాని కొవ్వు కొవ్వు కాదు, మైనం లాంటిది. మనిషి కడుపుకి అరగదు. వచ్చింది వచ్చినట్టే పోతుంది. ఎంత తాజా చేపైనా అంతే. కొందరికి మాత్రం ఏమీ కాదు, వాళ్ళ అదృష్టం. ఓడ మీద మేం కొత్తగా వచ్చిన ఆఫీసర్లకి పెడుతుంటాం."

అంటే నాంచారమ్మ అదృష్టవంతురాలు, అందుకే దోషి అయింది.

శబరిమల వెళ్ళి మాల తీసేసి వచ్చిన శేషగిరిరావు గారికి వచ్చీ రాగానే చెప్పాను. ఒకసారి కాదు, రెండుసార్లు చెప్పాను. మైనం అనగానే ఆయన నవ్వారు.

"మైనం కొవ్వొత్తుల్లో ఉంటుంది గ్రేస్ గారూ. మీ చర్చిలో చూసుంటారు. చేపలో ఎందుకుంటుంది?"

"సార్, దయచేసి మీరు తినకండి."

"తింటాను. నలుగురి ముందూ తింటాను. అప్పుడు తెలుస్తుంది తప్పు చేపదా, అమ్మినదానిదా."

పై అధికారి ఒక పని చేసి తీరతానంటే రెండుసార్లు ఆపండి. మూడోసారి వడ్డించండి. నేను నేర్చుకున్న సూత్రాల్లో ఇదొక్కటే నాకు పూర్తిగా నచ్చింది.

ముందు పెద్దలకి

జనవరి మొదట్లో ఒక ఆదివారం మధ్యాహ్నం. ఆఫీసు వరండాలో షామియానా వేశారు. మార్కెట్ వాళ్ళనీ, ఆ రోజు చేప కొన్న ఇబ్రహీంపట్నం కాలనీ ఆడవాళ్ళనీ పిలిచారు. విశాఖ నుంచి వచ్చిన పెట్టె సీలుని శేషగిరిరావు గారు అందరి ఎదుటా స్వయంగా విప్పారు. వేపుడు, పులుసు రెండూ అయ్యాయి. పులుసు మీద నూనె తేలింది. జనం అటువైపు చూడగానే ఒకడుగు వెనక్కి వేశారు.

నాంచారమ్మ కూడా వచ్చింది. వెనక వరసలోంచి లేచి, చాలా వినయంగా అంది. "ముందు పెద్దలు తినాలండి. సారు తిన్నాక, రేపు మేం తింటాం."

రేపు అన్నమాట ఆయన చెవికెక్కలేదు. నెలన్నర తర్వాత చేప ముఖం చూస్తున్న మనిషి. ఒక ముక్క తిన్నారు, రెండు తిన్నారు. ఈసారి కళ్ళు మూసుకున్నది నిజమైన రుచికి. మూడోసారి వడ్డించింది నేనే. అన్నంలో పులుసు కలుపుకుని, మైకు సంగతే మర్చిపోయి తిన్నారు. లేచేటప్పుడు మిగిలిన పులుసు క్యారియర్లో పెట్టించుకున్నారు.

"రేపు పొద్దున చద్దన్నంలోకి," అన్నారు.

నేను మూత గట్టిగా బిగించి ఇచ్చాను. ఒలికితే నూనె మరక పోదు కదా.

కుర్చీ

మర్నాడు సోమవారం. హైదరాబాదు నుంచి మా అందరికీ పైనున్న పెద్దాయన, ఆదేశం మీద సంతకం పెట్టిన ఆ శాకాహారే, వస్తున్నారు. సమావేశంలో తేలాల్సిన వాటిలో నాంచారమ్మ అరుగు ఒకటి. అది వేరేవాళ్ళకి ఇచ్చేయమని శేషగిరిరావు గారు ముందే రాసి పెట్టారు. ఆమెని సంజాయిషీకి రమ్మన్నారు. తలుపు దగ్గర, భుజం మీద ముతక తుండు వేసుకుని నిలబడి ఉంది. బల్ల మీద పేపర్ వెయిట్ పక్కనే కుళాయి పిడి ఉంది.

శేషగిరిరావు గారు మీగడ రంగు సఫారీ సూటులో వచ్చి ముందుగానే కూర్చున్నారు. మనిషి కళగా ఉన్నారు. నాకు కొంచెం జాలి కూడా వేసింది. చద్దన్నం తిన్నారా అని అడిగితే, "అమృతం" అన్నారు.

పెద్దాయన గదిలోకి రాగానే అందరం లేచాం. శేషగిరిరావు గారు కూడా లేవబోయారు. సగం లేచారు. అంతలో ఆయన ముఖంలో ఏదో మారింది. చాలా నెమ్మదిగా, గుడ్లున్న బుట్ట దించినట్టు, మళ్ళీ కూర్చున్నారు.

"నడుం పట్టేసింది సార్," అన్నారు.

పెద్దాయన కనుబొమలు ఎగరేసి కూర్చున్నారు. జనవరి చలిలో శేషగిరిరావు గారి పై పెదవి మీద చెమట. నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ ఉండిపోయాను, ఎందుకంటే ఆయన్ని చూస్తే నవ్వు ఆగదు. నాంచారమ్మ మాత్రం ఆయన్నే చూస్తోంది. ఆ ముఖాలు ఆమెకి కొత్త కాదు. డిసెంబరు మొదటి వారమంతా ఆమె కొనుగోలుదార్లు ఆ ముఖంతోనే వచ్చారు.

అరుగు విషయం రాగానే పెద్దాయన ఆమెని పిలిచారు. "నువ్వేం చెప్పుకుంటావమ్మా?"

"నేను చెప్పుకునేదేం లేదండి. సారుని నాలుగు మాటలు అడగొచ్చా అండి?"

"అడుగు."

"సారూ, నిన్న తమరు తిన్న చేప పెట్టె ఎవరు విప్పారండి?"

"నేనే."

"తాజాదేనా అండి?"

"తాజాదే."

"ఇప్పుడు తమరికి కడుపులో నొప్పి ఏవన్నా ఉందా అండి?"

ఆయన తల ఎత్తి ఆమె వైపు చూశారు. అప్పుడు ఆయనకి అర్థమైంది, ఆమెకి అర్థమైందని.

"లేదు."

"జొరం? వాంతి?"

"లేదు."

"మరి లేవండి సారూ. పెద్దసారు వస్తే లేవకపోతే బాగోదు గదండి."

పెద్దాయన ఒకసారి శేషగిరిరావు గారిని, ఒకసారి కుర్చీని చూసి, ముఖం కిటికీ వైపు తిప్పుకున్నారు. ఆయన భుజాలు కదులుతున్నాయి. శాకాహారులకి కూడా కొన్ని విషయాలు త్వరగానే అర్థమవుతాయి.

నాంచారమ్మ భుజం మీది తుండు తీసి చేతిలో పట్టుకుంది. వెడల్పయిన తుండు. దాన్ని విప్పి, దులిపి, మళ్ళీ మడతపెట్టింది. తొందరేమీ లేదు.

శేషగిరిరావు గారు ఆ తుండు వంక చూశారు. గొంతు సవరించుకున్నారు. ఆయన జీవితంలో అంత పొట్టి ఉపన్యాసం మరొకటి ఇచ్చి ఉండరు.

"ఆమె అమ్మింది తాజా చేపే సార్. కుళ్ళింది కాదు. ఆ చేప గుణమే అది. ఆమె తప్పు ఏమీ లేదు."

"మార్కెట్లో కూడా చెప్తారా అండి?" అంది నాంచారమ్మ.

"చెప్తాను."

"మైకులో?"

తుండు వంక మళ్ళీ చూశారు. "మైకులోనే."

పెద్దాయన కిటికీ వైపే చూస్తూ, "అరుగు ఆమెకే ఉంచండి. టీ ఇక్కడ వద్దు, బయట తాగుదాం" అని అందర్నీ లేవదీసుకుని వెళ్ళిపోయారు. గదిలో మేం ముగ్గురమే మిగిలాం. ఆయన లేవగానే నాంచారమ్మ వెనక నుంచి నడుం చుట్టూ తుండు చుట్టి, ముడి వేసి, చంటిపిల్లాడిని నడిపించినట్టు పక్కనే జీపు దాకా నడిపించింది. కారిడార్లో ఎవరైనా చూస్తే, "సారుకి నడుం పట్టేసిందండి" అని తనే చెప్పింది. మళ్ళీ లోపలికి వచ్చి, బల్ల మీది కుళాయి పిడి తీసుకుని వెళ్ళిపోయింది.

అప్పటిదాకా నవ్వు ఆపుకున్న నాకు ఆమె వెళ్ళిన తర్వాత ఏడుపొచ్చింది. ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆ మనిషి ఆమె క్రిస్మస్‌ని తినేశాడు, పేరుని తినేయబోయాడు. ఆమె ఆయన పరువుకి తన తుండు ఇచ్చింది. తనకి కావలసిన మాట ఇప్పించుకున్నాకే ఇచ్చిందనుకోండి. అందుకే ఆమె అంటే నాకు మరీ ఇష్టం.

తర్వాత

శేషగిరిరావు గారు మాట నిలుపుకున్నారు. ముదురు గోధుమరంగు ప్యాంటు వేసుకుని మార్కెట్‌కి వచ్చి, మైకులో చెప్పారు. సాగర కొర్రమీను పేరు ఆ రోజుతో పోయింది. మార్కెట్ దానికి నూనె చేప అని పేరు పెట్టింది. మిగిలిన పెట్టెలు విశాఖ వెనక్కి వెళ్ళాయి. ఇక ఏ కొత్త చేప వచ్చినా ముందు ఆఫీసులో అందరూ కడుపునిండా, రెండు పూటలా తిని, ఒకరోజు ఆగాకే బయటికి పంపాలని ఆయన ఆర్డరు వేశారు. మాలలో ఉన్నవాళ్ళు, ఉపవాసాలున్నవాళ్ళు రుచి గురించి మాట్లాడకూడదు. ఆ రోజు తెల్లబట్టల్లో రావాలన్నది ఆర్డర్లో లేదు, అది మేం కలిపాం. నేను రిటైరయ్యేదాకా ఆ పద్ధతి నడిచింది. మీరు మానకండి.

ఆయన మంచి అధికారే అయ్యారు తర్వాత. తప్పు ఒప్పుకున్న అధికారిని నేను ఆయన్నొక్కరినే చూశాను. ఒప్పుకోవడానికి అంత నూనె కావలసి వచ్చిందనే మాట పక్కన పెడదాం. చివరిదాకా నాంచారమ్మ దగ్గరే చేపలు కొన్నారు. ఎన్నడూ మొప్ప ఎత్తి చూడలేదు.

మొన్న నేను మార్కెట్‌కి వెళ్ళినప్పుడు అరుగు దగ్గర కొత్తావిడ ఎవరో చేప పొట్ట నొక్కుతూ, "తాజాదేనా? నమ్మకం ఏంటి?" అని అడుగుతోంది. నాంచారమ్మ జుట్టు తెల్లబడింది. కుళాయి తిప్పి, చేతులు కడుక్కుని, నన్ను చూసి కూడా చూడనట్టే, ఏమాత్రం నవ్వకుండా అంది.

"నా చేప తాజాదని పెద్దాఫీసరు గారి ముందే చెప్పారమ్మా మా సారు. ఆ మాట చెప్పిందాకా కుర్చీలోంచి లేవలేదు."